కార్బన్ స్టీల్ కత్తికి తుప్పు: ఎందుకు పడుతుంది, ఎలా తీయాలి, మళ్ళీ రాకుండా ఏం చేయాలి

ఈ రోజు ఎపిసోడ్ ఒక కత్తి గురించి. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. ఇది మా అమ్మ కత్తి. వెన్ను మీద సన్నగా అడ్డగీతలు కనిపిస్తున్నాయా? అది డిజైన్ కాదు. మా ఊరి కమ్మరి ఒక పాత ఆకురాయిని కొలిమిలో కాల్చి, సాగగొట్టి ఈ కత్తి చేశాడు. ఆకురాయి అంటే ఇనుము రాకడానికి మెకానిక్ షాపుల్లో వాడతారే, ఆ ఫైల్. దాని పళ్ళ గుర్తులే ఈ గీతలు. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో మా నానమ్మ చేయించి ఇచ్చిందట. 30 ఏళ్ళ పాటు రోజూ ఉల్లిపాయలు, వంకాయలు, చేపలు, అన్నీ దీనితోనే. ఒక్క చోట తుప్పు లేదు.

ఇప్పుడు ఇక్కడ చూడండి, అంచుకి కొంచెం పైన. సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. ఇవి నా పని. 30 ఏళ్ళు రాని గుంటలు నేను అయిదు రోజుల్లో తెప్పించాను. ఎలాగో చెప్తా, ఎందుకంటే మీలో చాలామంది ఇదే తప్పు చేస్తారు.

హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి రూమ్ తీసుకున్నప్పుడు అమ్మ ఈ కత్తిని పేపర్లో చుట్టి బ్యాగులో పెట్టింది. "తడి మీద ఉంచకు నాన్నా" అని ఒక్క మాట చెప్పింది. నేను సరే సరే అన్నా, అంతే. సంక్రాంతికి ఊరెళ్ళే రోజు, బస్సుకి టైమ్ అవుతోందని, నిమ్మకాయ కోసిన కత్తిని అలాగే సింకులో గిన్నెల కింద వదిలేసి వెళ్ళిపోయా. నాలుగు రోజుల తర్వాత వచ్చి చూస్తే ఇటుక రంగులో ఉంది. గుండె ఆగినంత పనైంది. వెంటనే ఫోన్ తీసి వెతికితే 30 సెకన్ల వీడియో ఒకటి వచ్చింది. "వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టండి, తుప్పు మాయం" అని. నానబెట్టా. పొద్దున తీస్తే తుప్పు నిజంగానే పోయింది. కానీ కత్తి బూడిద రంగులో, గరుగ్గా, గుంటలు పడి ఉంది. పదును పోయింది. నీళ్ళతో కడిగి పక్కన పెట్టా, అరగంటలో మళ్ళీ నారింజ రంగు.

ఇక పారేద్దాం అనుకుని అమ్మకి వీడియో కాల్ చేశా. అమ్మ తిట్టలేదు. "ఒరేయ్, దాన్ని పారెయ్యకు. మన ఊళ్ళో కొలిమి మూసేశారు. మళ్ళీ అలాంటిది చేసిచ్చేవాళ్ళు లేరు" అంది. తిట్టినా బాగుండేది అనిపించింది. ఆ తర్వాత నెల రోజుల్లో నేను చదివిందీ, చేసి చూసిందీ మొత్తం ఇప్పుడు చెప్తున్నా.

ముందు, అసలు కార్బన్ స్టీల్ అంటే ఏంటి? ఉక్కు అంటే ఇనుము, అందులో కొంచెం కార్బన్. ఈ కార్బన్ సుమారు 0.6 శాతం దాటితే హై కార్బన్ అంటారు. ఆకురాళ్ళలో 1 శాతం పైనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో కత్తి కొనేటప్పుడు '1095 స్టీల్' అని చూసే ఉంటారు. అందులో చివరి 95 అంటే కార్బన్ 0.95 శాతం దగ్గర ఉందని అర్థం. కార్బన్ ఎక్కువైతే ఏంటి లాభం? కాల్చి, ఒక్కసారిగా చల్లార్చినప్పుడు ఉక్కు బాగా గట్టిపడుతుంది. అందుకే అంచు సన్నగా, పదునుగా నిలుస్తుంది. సానరాయి మీద పదును కూడా తొందరగా తేలుతుంది. ఇది మనకి కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన హై కార్బన్ ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్ళింది.

మరి స్టెయిన్‌లెస్‌కి తుప్పు ఎందుకు పట్టదు? అందులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటుంది. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనిపించనంత పల్చటి పొరలా కత్తిని కప్పేస్తుంది. గీత పడినా పొర మళ్ళీ దానంతట అదే ఏర్పడుతుంది. మన కార్బన్ స్టీల్‌కి ఆ కవచం లేదు. కాబట్టి ఆ కాపలా పని మనమే చెయ్యాలి. తేడా అంతే. కత్తి నాసిరకం కాబట్టి తుప్పు పడుతోంది అనుకోకండి.

ఇప్పుడు తుప్పు. తుప్పు పట్టాలంటే మూడు కావాలి. ఇనుము, ఆక్సిజన్, నీళ్ళు. ఇనుముని తీసెయ్యలేం, గాలిని ఆపలేం. మన చేతిలో ఉన్నది నీళ్ళు ఒక్కటే. ఉప్పు తోడైతే పని ఇంకా స్పీడ్ అవుతుంది, ఎందుకంటే ఉప్పు నీళ్ళలో కరెంట్ బాగా పారుతుంది. తుప్పు పట్టడం అంటే కత్తి మీద చిన్న చిన్న బ్యాటరీలు పనిచేస్తున్నట్టే. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఇనుప గేట్లు ఎంత తొందరగా పాడవుతాయో మీకు తెలుసు కదా, కారణం ఇదే. పైన నీటి చుక్క కనిపించక్కర్లేదు. గాలిలో తేమ 60 శాతం దాటితే చాలు, శుభ్రంగా లేని ఇనుము మీద పని మొదలవుతుంది. వానాకాలం సంగతి మీరే ఊహించుకోండి.

ఇంకో ముఖ్యమైన విషయం. తుప్పు, తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే ఉబ్బి, పొరలు పొరలుగా రాలుతుంది. దానిలో సందులు ఉంటాయి, ఆ సందుల్లో తడి నిలుస్తుంది. అంటే తుప్పు కింద ఇంకా తుప్పు పుడుతూనే ఉంటుంది. "ఉండనీలే, ఆదివారం చూద్దాం" అంటే ఆదివారానికి అది గుంట అవుతుంది. తుప్పుని తీయచ్చు. గుంట పడ్డాక అక్కడ పోయిన ఇనుము తిరిగి రాదు.

ఇక్కడ చాలామంది కన్‌ఫ్యూజ్ అయ్యే పాయింట్ ఒకటుంది. కత్తి మీద వచ్చే రంగు అంతా తుప్పు కాదు. అరటికాయ కోస్తే కత్తి నల్లబడుతుంది కదా? ఉల్లిపాయ, మాంసం కోస్తూ ఉంటే కొన్నాళ్ళకి నీలం, బూడిద, నలుపు కలిసిన రంగు వస్తుంది. అది పాటినా. ఆ పొర గట్టిగా అతుక్కుని ఉంటుంది, రాలదు. ఎర్ర తుప్పు రాకుండా కొంతవరకు అడ్డం పడుతుంది. పూర్తి కవచం కాదు గానీ, ఏమీ లేనిదానికంటే చాలా మేలు. దాన్ని చూసి భయపడి, తళతళ మెరిసేదాకా తోమేస్తే మీకున్న రక్షణని మీరే తీసేసినట్టు. కొత్త కత్తితో మామిడికాయ కోస్తే కొంచెం ఇనుము వాసన రావచ్చు. ఈ పొర ఏర్పడ్డాక అదీ తగ్గుతుంది.

గుర్తు పట్టడం ఎలా? తెల్ల గుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డకి ఎరుపో, నారింజ రంగో అంటితే తుప్పు. ఏమీ అంటకుండా నల్లగా, నున్నగా ఉంటే పాటినా, దాన్ని వదిలేయండి. ఎరుపు శత్రువు, నలుపు స్నేహితుడు. ఇంతే గుర్తుపెట్టుకోండి.

ఇక తుప్పు తీయడం. మూడు మెట్లు. ఎప్పుడూ కింది మెట్టు నుంచే మొదలుపెట్టాలి. నేను నేరుగా పై మెట్టు ఎక్కి పడ్డాను.

మొదటి మెట్టు, పైపై మరకలకి. వంట సోడాలో కొంచెం నీళ్ళు కలిపి ముద్దలా చేయండి. తుప్పు మీద పూసి పది నిమిషాలు ఉంచండి. తర్వాత రుద్దాలి. దేనితో? ఇక్కడ చిన్న చిట్కా. ఒక బంగాళాదుంపని సగానికి కోసి, ఆ కోసిన వైపుతో రుద్దండి. దుంపలో కొద్దిగా ఆక్సాలిక్ యాసిడ్ ఉంటుంది, అది తుప్పుని వదులు చేస్తుందంటారు. నాకు నచ్చింది మాత్రం వేరే కారణం. దుంప చేతి నిండా ఉంటుంది, వేళ్ళు అంచుకి దూరంగా ఉంటాయి. కత్తిని చేత్తో గాలిలో పట్టుకుని రుద్దకండి. చెక్క మీద పడుకోబెట్టి, వెన్ను వైపు నుంచి అంచు వైపు, బయటికి తోసినట్టు రుద్దాలి. అంచుకి ఎదురుగా మాత్రం ఎప్పుడూ వద్దు. సగం కేసులు ఈ మెట్టులోనే అయిపోతాయి.

రెండో మెట్టు, సోడాకి పోకపోతే. హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి వాటర్ పేపర్ అని అడగండి, 1000 నంబర్. దాన్ని తడిపి, రెండు చుక్కల నూనె వేసి, మరక ఉన్నచోట మాత్రమే, ఒకే దిశలో నెమ్మదిగా రుద్దండి. గీతలు కనిపిస్తాయి, నిజమే. తర్వాత 2000 నంబర్‌తో రుద్దితే చాలావరకు కలిసిపోతాయి. మా ఊళ్ళో కత్తిపీటల్ని ఇటుక పొడి, కొబ్బరి పీచుతో తోమేవాళ్ళు. లాజిక్ అదే. కాకపోతే ఇటుక పొడిలో గింజ ఒక సైజులో ఉండదు, లోతు గీతలు పడతాయి.

మూడో మెట్టు, యాసిడ్. యాసిడ్ అంటే మన వంటింటి యాసిడ్. వెనిగర్, నిమ్మరసం, చింతపండు. ఇత్తడి చెంబుకి చిలుము పడితే చింతపండుతో తోముతాం కదా, ఇక్కడా అంతే. తుప్పుని కరిగిస్తుంది. కానీ ఒక మాట బాగా వినండి. యాసిడ్‌కి తుప్పు ఏదో, కత్తి ఏదో తెలియదు. తుప్పు అయిపోగానే ఉక్కుని తినడం మొదలుపెడుతుంది. నాకు జరిగింది అదే. కాబట్టి కత్తిని ముంచకండి. ఒక టిష్యూని వెనిగర్‌లో తడిపి, తుప్పు ఉన్నచోట మాత్రమే అంటించండి. ఫోన్‌లో పది నిమిషాలకి టైమర్ పెట్టండి. తీసి చూడండి, రుద్దండి, అవసరమైతే ఇంకోసారి. మొత్తం అరగంట దాటనివ్వకండి.

యాసిడ్ పని అయ్యాక ఆగకూడదు. ఒక గ్లాసు నీళ్ళలో చెంచా వంట సోడా కలిపి ఆ నీళ్ళతో కడగాలి, మిగిలిన యాసిడ్ విరుగుతుంది. తర్వాత మామూలు నీళ్ళు, సబ్బు. వెంటనే పొడి గుడ్డతో తుడిచి, వెంటనే నూనె. ఈ 'వెంటనే' అనే మాట నేను ఊరికే అనట్లేదు. యాసిడ్‌తో శుభ్రమైన ఉక్కు మీద ఏ పొరా ఉండదు. అందుకే నాకు అరగంటలో మళ్ళీ నారింజ రంగు వచ్చింది.

ఇప్పుడు చేయకూడనివి. బాత్రూమ్ కడిగే యాసిడ్ వాడకండి. అది ఉక్కుని తినేస్తుంది, దాని పొగ మీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు. బ్లీచింగ్ వాడకండి, క్లోరిన్ తుప్పుని పెంచుతుంది. ఆ రెండూ కలపడం అయితే అస్సలు వద్దు, విషవాయువు వస్తుంది. ఇంట్లో ఎవరైనా ప్రయోగాలు చేస్తుంటే ఆపండి. తడి ఆరడానికి కత్తిని గ్యాస్ మంట మీద పెట్టకండి. కమ్మరి ఉక్కుని గట్టిపరిచాక, పెళుసు పోవడానికి కొంచెం వేడి చేసి వదిలేస్తాడు. వంటింటి కత్తులకి ఆ వేడి చాలాసార్లు 200 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. మీరు అంతకంటే ఎక్కువ వేడి చేస్తే కత్తి మెత్తబడుతుంది, పదును నిలవదు. గ్రైండింగ్ మిషన్ మీద పెట్టినప్పుడు అంచు నీలం రంగుకి తిరిగిందంటే ఆ ముక్కలో గట్టిదనం పోయినట్టే. తుప్పు కంటే అదే పెద్ద నష్టం. డిష్‌వాషర్ కూడా వద్దు.

చాలామందికి ఉన్న భయం ఒకటి. తుప్పు కత్తి తెగితే ధనుర్వాతం వస్తుంది అని. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. దానికి కారణం ఒక బ్యాక్టీరియా. అది మట్టిలో, దుమ్ములో, పేడలో ఉంటుంది. మట్టిలో పడున్న మేకు తుప్పు పట్టి ఉంటుంది, మట్టీ అంటి ఉంటుంది, లోతుగా గుచ్చుకుంటుంది. అందుకే రెండింటికీ ముడి పడింది. అలాగని ధీమా వద్దు. మెరిసే కత్తితో తెగినా ప్రమాదం ఉండచ్చు. గాయం లోతుగా ఉంటే, టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు అసలు విషయం, తుప్పు రాకుండా చూసుకోవడం. దీనికి నేను పెద్ద పెద్ద ఆర్టికల్స్ చదివా. చివరికి తేలిందేంటో తెలుసా? మా అమ్మ కూర తరిగేటప్పుడు చిన్నప్పటి నుంచి చూస్తున్నా. నిమ్మకాయ కోస్తుంది, కొంగుకి కత్తి తుడుస్తుంది. ఉల్లిపాయ కోస్తుంది, మళ్ళీ తుడుస్తుంది. తరగడం అయిపోగానే కడిగి, తుడిచి, గోడకి ఆనించి నిలబెడుతుంది. అంతే. అది అలవాటు అనుకున్నా గానీ, దాని పని ఏంటో నాకు ఎప్పుడూ తట్టలేదు. నేను ఆ కత్తి తెచ్చుకున్నా, ఆ తుడవడం తెచ్చుకోలేదు.

కాబట్టి రూల్స్ చెప్తా, సింపుల్‌గా. ఒకటి, పక్కన ఒక పొడి గుడ్డ పెట్టుకునే కూర తరగండి. పులుపు, ఉప్పు తగిలిన ప్రతిసారీ తుడవండి. రెండు, పని అవగానే కడగండి. తిన్నాక కడుగుదాం అనుకోకండి. ముఖ్యంగా నిమ్మ, టమాటా, మామిడికాయ, ఉప్పు చేప. మూడు, సింకులో పెట్టకండి, నానబెట్టకండి. సింకులో కత్తి తుప్పుకే కాదు, గిన్నెలు తోమేవాళ్ళ చేతికీ ప్రమాదం. నాలుగు, తుడిచాక కూడా పది నిమిషాలు గాలికి ఆరనివ్వండి. పిడి మొదట్లో, ఉక్కు చెక్కలోకి వెళ్ళేచోట తడి దాక్కుంటుంది, అక్కడ గుడ్డ దూర్చి తుడవండి. అయిదు, తోలు ఒరలో పెట్టి దాచకండి, తోలు తేమని పట్టి ఉంచుతుంది. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే చిన్న సిలికా పాకెట్లు పారేయకుండా కత్తి ఉన్న డబ్బాలో వేయండి. తేమ లాగుతాయి. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో మాత్రం వాళ్ళ చేతికి అందనివ్వకండి.

నూనె సంగతి. రోజూ వాడే కత్తికి రోజూ నూనె అక్కర్లేదు, తుడిస్తే చాలు. వారం పైన పక్కన పెడుతున్నారంటే, ఊరెళ్తున్నారంటే, తప్పకుండా రాయండి. ఏ నూనె? పొద్దుతిరుగుడు, వేరుశనగ లాంటివి రాసి వదిలేస్తే కొన్నాళ్ళకి జిగురుగా మారతాయి. కొబ్బరి నూనె వాటికంటే నయం, తొందరగా కంపు కొట్టదు. సుమారు 24 డిగ్రీల కిందికి వస్తే గడ్డకడుతుంది, దానివల్ల ఇబ్బంది ఏమీ లేదు. నెలల తరబడి దాచాలంటే మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఇంకా మంచిది, అది పాడవదు. రెండు చుక్కలు చాలు. గుడ్డతో రాసి, అదే గుడ్డతో తుడిచేయాలి. చేతికి జిడ్డుగా తగిలిందంటే ఎక్కువైనట్టు. మళ్ళీ వాడే ముందు సబ్బుతో కడగండి. కుట్టు మిషన్ నూనె, బండి నూనె వంటింటి కత్తికి వద్దు.

ఇక కత్తిని ఎప్పుడు వదిలేయాలి? అంచు మీద పగులు కనిపిస్తే, లేదా పిడి లోపల తుప్పు పట్టి కత్తి కదులుతుంటే, వాడకండి. పని మధ్యలో విరిగితే చెయ్యి తెగుతుంది. పిడి ఒక్కటే పోతే కొత్తది వేయించుకోవచ్చు. పక్కల మీద గుంటలు ఉన్నా ఫర్వాలేదు, వాటిలో తడి నిలవకుండా చూసుకుంటే చాలు. అంచు మీదే గుంటలు ఉంటే, సాన పట్టి ఆ భాగం అరిగేదాకా తీయాలి. నాది అలాగే తీశాను. కత్తి వెడల్పు ఒక మిల్లీమీటరు తగ్గింది.

పోయిన నెల అమ్మ హైదరాబాద్ వచ్చింది. కత్తి చూపించడానికి భయపడ్డా. చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఆ గుంటలు తడిమి చూసింది. ఏమీ అనలేదు. రెండు వంకాయలు తీసుకుని తరిగింది. "బాగానే తెగుతోంది కదరా" అంది. తర్వాత కొంగుకి తుడిచి, గోడకి ఆనించింది.

మీ ఇంట్లో అటక మీదో, పాత పెట్టెలోనో ఇలాంటి కత్తి, కత్తిపీట ఏదైనా తుప్పు పట్టి పడి ఉంటే, పాత ఇనుము వాళ్ళకి వేసే ముందు ఒక్కసారి బయటికి తీయండి. తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. వంట సోడాతో మొదలుపెట్టండి. తొందరపడి వెనిగర్‌లో మాత్రం వదిలేయకండి, ఆ ప్రయోగం మీ తరఫున నేను చేసేశాను. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే కత్తిని సానరాయి మీద ఎలా పదును పెట్టాలో చూపిస్తా. అప్పటిదాకా చేతులు జాగ్రత్త. ఉంటా మరి, నమస్తే.